నీలం సంచిలో రెండు పిడికిళ్ళు

మొదటి మకాం
జూన్ 2

పెద్దక్కకు,

ఎలా ఉన్నావని అడిగితే "దేవుడి దయ" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావు. అందుకే ఈసారి అడగను. నా గోలే చెప్తాను.

భుజం మళ్ళీ మొరాయించింది. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను మా క్యాంపు కోర్టులో అందరూ ఇటుక అంటారని చెప్పానుగా. జడ్జిగారు ఊరూరా తిరిగి కేసులు వింటారు. నేను వెనకాలే తిరిగి సాక్షులు చెప్పింది టైపు చేస్తాను. ఇటుక నా భుజమెక్కి తిరుగుతుంది. మొన్న బస్సులో కండక్టరు "టికెట్టు చూపించమ్మా" అంటే చెయ్యి లేవలేదు. ఎడంచేత్తో కుడిచెయ్యి ఎత్తి చూపించాను. ఆయన భయపడి పక్క సీటుకి వెళ్ళిపోయాడు.

హెడ్డాఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. జులై ఏడులోగా ఆప్షన్ రాసివ్వాలి. క్యాంపుల్లోనే తిరుగుతానంటే నాకు నచ్చిన ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు, ఆఫీసు భరిస్తుంది. ఓపిక లేదంటే హెడ్డాఫీసులో కాపీల సెక్షన్. అదే, మనింటికి రెండు వీధుల అవతల ఉన్న పసుపు భవనం. ఎవరో టైపు చేసినదాన్ని పొద్దస్తమానం మళ్ళీ టైపు చేయడం.

నాకు తిరగడమే ఇష్టం అక్కా. కొత్త ఊరు, కొత్త గది, బోనులో కొత్త మనిషి నోరు విప్పే ముందు ఒకసారి గొంతు సవరించుకోవడం. ఆ చప్పుడు కోసమే పదకొండేళ్ళుగా తిరుగుతున్నాను. తేలికపాటిది దొరికితే ఇంకో పదేళ్ళు తిరుగుతాను. దొరక్కపోతే కుర్చీ.

ఈ ఊళ్ళలో ల్యాప్‌టాప్ షాపంటే ఫోన్లకు కవర్లమ్మే కొట్టు. అందుకని నువ్వే వెళ్ళి చూడాలి. ముప్ఫయ్యేళ్ళు పార్శిల్ కౌంటర్లో కూర్చున్నదానివి, చేత్తో పట్టుకుని గ్రాములు చెప్తావు. పలచగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి. మన నడిపన్నను మాత్రం అడక్కు. వాడి లెక్కలో ల్యాప్‌టాప్ అంటే గోడంత తెర ఉండాలి.

నీ
చిట్టి


ఇల్లు
జూన్ 6

చిట్టికి, ఆశీస్సులు.

మంగళవారం షాపుకి వెళ్ళాను. త్రాసు తీసుకెళ్ళాను, కొక్కేనికి తగిలించి తూచేది. షాపాయన నవ్వాడు. తూచాక నవ్వలేదు.

అన్నిటికన్నా పలచనిది ఒక కిలో నూట ఎనభై గ్రాములని పెట్టె మీద రాసి ఉంది. నిజమే. కానీ ఛార్జరు అందులో లేదు. "ఛార్జరు ఎవరు తూస్తారండీ?" అన్నాడు. "మోసేవాళ్ళు" అన్నాను.

కొన్ని అడగాలి. పలచనిదానికి మీటలు లోతుగా లేవు. పళ్ళెం మీద వేళ్ళతో కొట్టినట్టుంది. నీకు చాలునా? పిన్నులు గుచ్చే చోట్లు రెండే ఉన్నాయి, రెండూ సన్నవే. మీ ప్రింటరు వైరు పట్టదు. మధ్యలో వేరే ముక్క తగిలించాలట. బ్యాటరీ పాడైతే మనం మార్చలేం. మెమరీ కూడా తర్వాత పెంచలేం, ఎంత ఉంటే అంతే.

మందంగా ఉన్నది ఒక కిలో తొమ్మిది వందలు. మీటలు బాగున్నాయి. అన్ని వైర్లూ పడతాయి.

ఏది ముఖ్యమో రాయి. ఫోన్ వద్దు. ఫోన్లో బస్సు మాట్లాడుతుంది, నువ్వు కాదు.

వెనక గది కిటికీ రెక్క బాగు చేయించాను. వడ్రంగి మంచివాడు, కొంచెం నస.

దేవుడి దయ వల్ల బాగున్నాను.

అక్క


మొదటి మకాం
జూన్ 11

పెద్దక్కా,

ఏది ముఖ్యమో రాయమన్నావు. కూర్చుని జాబితా వేశాను. అన్నీ ముఖ్యమే అని తేలింది.

తేలిగ్గా ఉండాలి, అది ఖాయం. కానీ మీటలు లోతుగా లేకపోతే నా వేళ్ళకు అక్షరం పడిందో లేదో తెలియదు. రోజుకి నలభై పేజీలు కొట్టేదాన్ని, పళ్ళెం మీద దరువెయ్యమంటే ఎలా? అలాగని మీటలు టకటకలాడకూడదు. నిన్న ఒక ముసలి సాక్షి నేను కొట్టినప్పుడల్లా ఆగిపోయాడు. "నేను చెప్పింది తప్పా అమ్మా, అట్లా కొడుతున్నావు?" అన్నాడు. కోర్టంతా నవ్వింది.

ఫ్యాను మోత కూడా ఉండకూడదు. ఎండ ముదిరితే ఇటుక ఎంత రొప్పుతుందంటే జడ్జిగారు వాదన ఆపించి, "టైపిస్టుగారి యంత్రం ఊపిరి పీల్చుకోనివ్వండి" అంటారు. పలచనివాటికి ఫ్యాను ఉండదని మా అటెండరు చెప్పాడు. ఫ్యాను లేకపోతే ఒళ్ళు కాలుతుందనీ ఆయనే చెప్పాడు. ఆయన మాటలెప్పుడూ అంతే, ఒక చెయ్యి ఇస్తుంది, ఇంకోటి లాక్కుంటుంది.

బ్యాటరీ రోజంతా రావాలి, ఈ హాళ్ళలో ప్లగ్గు ఎక్కడో గోడ చివర ఉంటుంది. ప్రింటరు వైరు పట్టాలి. తెర పెద్దదైతే మంచిది, కళ్ళజోడు నంబరు మారింది. కానీ తెర పెద్దదైతే బరువు కదా? అయితే చిన్నదే. కాదు, మధ్యరకం.

రాసేకొద్దీ నాకే తెలియడం లేదు. నీకేమైనా తెలిసిందా?

అది సరేగానీ, వెనక గది కిటికీ ఇప్పుడెందుకు బాగు చేయించావు? అద్దెకిస్తున్నావా? నా గది గనక అడుగుతున్నాను. ఇస్తే తప్పని కాదు. ఇస్తే చెప్పు, చాలు.

చిట్టి


ఇల్లు
జూన్ 15

చిట్టికి, ఆశీస్సులు.

గదిని ఒక టీచరమ్మ అడిగింది. నేనింకా ఏమీ అనలేదు.

నువ్వు ఆరు అడిగావు. ఆరూ ఒక్కదాంట్లో లేవు. తేలిక కావాలంటే కొన్ని వదులుకోవాలి. కొన్ని కావాలంటే మోయాలి. ఏది మోయగలవో నీ భుజం చెప్పాలి, నేను కాదు. అందుకని ఒకటి చేశాను.

రెండు సంచులు కుట్టి ఇసుక నింపాను. నీలం సంచి పలచని ల్యాప్‌టాప్ బరువు, ఎర్ర సంచి మందమైనదాని బరువు. బరువులు చీటీ మీద రాసి కుట్టాను. ఒక్కోదాన్ని మూడు రోజుల చొప్పున నీ చేతిసంచిలో వేసుకుని కోర్టుకి వెళ్ళిరా. తర్వాత రాయి.

పార్శిల్‌కి ఐదు రోజులు పడుతుంది కాబట్టి రెండో మకాంకి పంపాను. ఉత్తరం రెండు రోజుల్లో వస్తుంది కాబట్టి ఇది మొదటి మకాంకి. ముందు ఉత్తరం, తర్వాత సంచులు అందుతాయి.

కుళాయి కారుతోంది. వడ్రంగి తమ్ముడు కుళాయిలు చూస్తాడట. అతనూ నసేనట.

నీ భుజం కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

అక్క


రెండో మకాం
జూన్ 20

అక్కా,

ఇక్కడికి మూడు రోజులు ముందే వచ్చేశాం, అక్కడ కేసులు తొందరగా అయిపోయాయి. వచ్చాక నీ నుంచి ఉత్తరం లేదు. ఈ పొద్దున పార్శిల్ వచ్చింది.

కోర్టు వరండాలోనే విప్పాను. లోపల రెండు సంచుల ఇసుక. చీటీల మీద అంకెలు తప్ప ఒక్క ముక్క రాయలేదు. అటెండరు వేలితో తీసి వాసన చూశాడు. వకీలు ఒకాయన "దీన్ని ఏ కేసులో దాఖలు చేస్తున్నారమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గదికొచ్చి తలుపు వేసుకున్నాక నవ్వు రాలేదు.

నాకు అర్థమైంది అక్కా. అర్థమైందనే అనుకుంటున్నాను. పదకొండేళ్ళ క్రితం నేను ఈ ఉద్యోగానికి బయల్దేరుతుంటే నా పెట్టె నువ్వే సర్దావు. నేను పెట్టినవి తీసి, నీకు నచ్చినవి పెట్టావు. నాకు ఒళ్ళు మండి, "ఈ ఇంటి నుంచి ఇసుక రేణువు కూడా నాకొద్దు" అన్నాను. గుమ్మం దాకా వచ్చి పెట్టె అందించావు, అంతే.

ఇప్పుడా జవాబు? ఇన్నాళ్ళు ఆగి, తూచి మరీ పంపావా? ఒకటి ఇంటి ముందుదీ ఒకటి పెరటిదీనా?

ల్యాప్‌టాప్ అడిగితే ఇది వచ్చింది. గది ఎవరికో అద్దెకి ఇచ్చేసి ఉంటావు. ఇవ్వు. నాకేం.

చిట్టి


ఇల్లు
జూన్ 23

చిట్టీ,

ఇసుక మనింటిది కాదు. పక్క వీధిలో మేడ కడుతున్నారు. మేస్త్రిని అడిగి తెచ్చాను.

పదిహేనో తారీఖున ఉత్తరం రాశాను. మొదటి మకాంకి వెళ్ళింది, నువ్వు అప్పటికే లేవు. ముప్ఫయ్యేళ్ళు తపాలా పనిచేసి నా చెల్లెలికి నేనే దారి తప్పించాను.

సంచులు ల్యాప్‌టాప్‌ల బదులు. నీలం పలచనిది, ఎర్రది మందమైనది. ఒక్కోటి మూడు రోజులు మోసి చూడు. కొనక ముందే భుజానికి తెలుస్తుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

నువ్వు అప్పుడన్న మాట నాకు గుర్తు లేదు.

పై వాక్యం నిజం కాదు. కొట్టేస్తే ఉత్తరం మురికిగా ఉంటుందని ఉంచాను. గుర్తుంది.

పెట్టె నేను సర్దకుండా ఉండాల్సింది.

అక్క


రెండో మకాం
జూన్ 30

పెద్దక్కా, నా బంగారు పెద్దక్కా,

చెంపలేసుకున్నాను. రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి, మొదటిది ఊళ్ళు తిరిగి, నుదుటి మీద మూడు ముద్రలేయించుకుని. ఇసుక ఎవరైనా తిట్టడానికి పంపుతారా? నేనే అనుకోవాలి. నువ్వు మనిషిని తిట్టాలంటే ప్రార్థనలో దేవుడికి చెప్పుకుంటావు గాని పార్శిల్ ఖర్చు పెట్టవు.

సరే, వాంగ్మూలం ఇస్తున్నాను, రాసుకో.

ముందు ఎర్ర సంచి. మూడు రోజులు. చీటీ మీద కిలో తొమ్మిది వందలు. నొప్పి పుట్టింది, కానీ ఇటుక అంత కాదు. పర్వాలేదనుకున్నాను. ఇదే పర్వాలేదంటే పలచనిది దూదిపింజేననుకుని, మర్నాడు నీలం సంచి ఎత్తుకున్నాను. అక్కా, ప్రాణం పోయింది! కిలో నూట ఎనభై అని నీ చేత్తో రాసి ఉంది. ఎర్రదానికన్నా బరువనిపించింది. నా భుజానికి మతి పోయిందన్నమాట. బరువేదో తేలికేదో తెలియని భుజాన్ని పట్టుకుని నేను ల్యాప్‌టాప్ ఎంచుతున్నాను.

ఆ సాయంత్రమే కూర్చుని ఆప్షన్ కాగితం నింపేశాను. కాపీల సెక్షన్. అన్నిటికన్నా తేలికైనదాన్నే మోయలేకపోతే ఇంకేం కొంటాం?

మూడో రోజుకి అలవాటు పడ్డాననుకుంటా, కాస్త నయం. కానీ అప్పటికే మనసు చచ్చిపోయింది. పైగా ఊడ్చే ఆవిడ నామీద మండిపడుతోంది. కోర్టు హాలంతా ఇసుకట. "ఎవరి కాళ్ళతో వస్తోందో గానీ నా నడుం విరుగుతోంది" అని నా వంకే చూస్తుంది. నా చెప్పులు ఎత్తి చూపించాను, శుభ్రంగా ఉన్నాయి.

కాగితం ఏడో తారీఖు పొద్దున జడ్జిగారికి ఇస్తాను. నిన్న బోనులో ఒక అమ్మాయి నిలబడి గొంతు సవరించుకుంటే నా వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఇంకో వారమే కదా అనిపించింది.

గది టీచరమ్మకి ఇవ్వకపోతే ఉంచు. ఇచ్చేస్తే హాల్లో పడుకుంటాను.

చిట్టి


ఇల్లు
జులై 2
స్పీడ్ పోస్టు

చిట్టీ,

కాగితం ఇవ్వకు. ముందు ఇది చదువు.

నీ భుజానికి మతి పోలేదు. ఎర్ర సంచి సరిగ్గా తూచాను. నీలం సంచి సరిగ్గా తూచలేదు.

చెప్తాను. మొదట కిలో నూట ఎనభై పోశాను. ఛార్జరు కూడా మోస్తావు కదా అని మూడు వందల ఇరవై కలిపాను. ఇది న్యాయమే. ప్రింటరుకి తగిలించే ముక్కకు నూట పది. ఇదీ న్యాయమే. తొడుగుకు రెండు వందల నలభై. గొడుగుకు మూడు వందల ఎనభై, వానాకాలం కదా అని. గొడుగు నువ్వు ఎప్పుడూ మోసేదే. అక్కడ ఆగాల్సింది. ఆ తర్వాత రెండు పిడికిళ్ళు పోశాను. అవి దేనికీ కావు.

చీటీ మీద మాత్రం కిలో నూట ఎనభై అని రాశాను. సంచి రెండు కిలోల నాలుగు వందలుంది.

ఎర్ర సంచిలో ఛార్జరు కూడా కలపలేదు. దాన్ని నువ్వెలాగూ ఎంచుకోవనుకున్నాను.

ముప్ఫయ్యేళ్ళు కౌంటర్లో కూర్చున్నాను. ఎవరి పార్శిల్ మీదా వేలు ఆనించలేదు. ఈ పొద్దున నీ ఉత్తరం చదివి ప్రార్థనకి కూర్చున్నాను. నువ్వు వస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పుకోబోయాను. నోరు రాలేదు. కళ్ళు మూసుకుంటే నీలం సంచి కుట్టే కనిపించింది.

నువ్వు రావాలని నాకుంది. కిటికీ అందుకే బాగు చేయించాను. టీచరమ్మకు ఇవ్వనని అప్పుడే చెప్పేశాను. ఆ మాట నీకు రాయలేదు. రమ్మని నోటితో అడగాల్సింది. అడగలేక తూకం మార్చాను.

ఆ ఊళ్ళో ఎక్కడైనా త్రాసు ఉంటుంది. చీటీలో రాసినంత ఉంచి మిగతా ఇసుక తీసెయ్. మళ్ళీ మోసి చూడు. అప్పుడు నీకేం అనిపిస్తే అది రాసివ్వు.

క్షమించు.

అక్క


రెండో మకాం
జులై 5

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం, విచారణ మధ్యలో వచ్చింది. బల్ల కింద పెట్టుకుని చదివాను. సాక్షి చెప్పిన రెండు వాక్యాలు పోయాయి. పదకొండేళ్ళలో మొదటిసారి చెయ్యెత్తి, "అయ్యా, మళ్ళీ చెప్పించండి" అన్నాను. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి, సాక్షి వైపు తలూపారు.

కోపం వచ్చింది. అబద్ధం చెప్పను. మళ్ళీ నా పెట్టె సర్దావు కదా అనుకున్నాను.

సాయంత్రం లాడ్జి ఎదురుగా ఉన్న పాత కాగితాల కొట్టుకి వెళ్ళాను. నీలం సంచి త్రాసులో పడేసి, "ఎంతుందో చూడు బాబాయ్" అన్నాను. రెండు కిలోల నాలుగు వందలు కళ్ళారా చూసి, నీకు రాయాల్సినవన్నీ రాయాలని.

"కిలో నూట తొంభై" అన్నాడు.

మళ్ళీ తూచమన్నాను. కిలో నూట తొంభై. "నీ త్రాసు తప్పు" అన్నాను. ఆయనకి ఒళ్ళు మండి తన టిఫిను డబ్బా తూచి చూపించాడు. ఇదేమిటి, మా అక్క చేసిన పాపం కూడా సరిగ్గా చెయ్యలేదా అనుకున్నాను. సంచి ఎత్తి చూస్తే అడుగున కుట్టు విడిపోయింది. నిండా కుక్కితే విడిపోక ఏం చేస్తుంది? నా చేతిసంచి మూల చిరుగు ఒకటి ఎప్పటినుంచో ఉంది. రెండూ కలిసి, లాడ్జి నుంచి కోర్టు దాకా మూడు రోజులు ఇసుక రాల్చుకుంటూ తిరిగాను! కోర్టు ఊడ్చే ఆవిడకి క్షమాపణ చెప్పాలి. అటెండరైతే, "నాకు ముందే తెలుసండి, మీరు టీకి ఎటెళ్ళారో ఇసుక చూసే చెప్పేవాణ్ణి" అంటాడు. తెలిస్తే చెప్పొచ్చుగా అంటే, "మీ ఇంటి విషయమేమోనని" అన్నాడు.

ఇప్పుడు చెప్పు. మొదటి రోజు ఎంత మోశానో తెలియదు. రెండో రోజు ఎంతో తెలియదు. మూడో రోజు మోసింది మాత్రం నువ్వు చీటీ మీద రాసిన బరువే. అలవాటైందనుకున్నది అదే. అయినా అందులో ఛార్జరు లేదుగా? ఛార్జరు న్యాయమే అన్నావు. గొడుగు అన్యాయం అన్నావు, కానీ నిన్న వాన పడింది. నా బుర్ర తిరిగిపోతోంది. ఒక పేజీ నిండా లెక్కలు వేసి చింపేశాను.

ఆప్షన్ కాగితం కూడా చింపేశాను. కొత్తది తీసుకుని క్యాంపు అని రాసి, ఈ పొద్దున్నే జడ్జిగారి బల్ల మీద పెట్టాను. భుజం ఒప్పుకుందని కాదు. అది ఏమందో నాకు ఇప్పటికీ తెలియదు. వేళ్ళు ఆ కాగితం మీద ఇంకో మాట రాయనన్నాయి. మళ్ళీ ఏడాదికి అడుగుతారట, అప్పుడు చూద్దాం.

ల్యాప్‌టాప్ ఏది కొనాలో నాకు తెలియదు. నువ్వే కొను. నీ చెయ్యి దేని మీద ఆగితే అది. కానీ పార్శిల్ చెయ్యకు. నువ్వే భుజాన వేసుకుని తీసుకురా. పదమూడు నుంచి మూడో మకాంలో ఉంటాం. బస్టాండు నుంచి కోర్టు దాకా ఎక్కుడు దారి, ఆటో రాదు. ఛార్జరుతో, తొడుగుతో, గొడుగుతో, నువ్వే మోసుకుని ఎక్కు. పైకొచ్చాక బరువెంతో నాకు చెప్పు.

పదకొండేళ్ళలో నువ్వు ఒక్క మకాం చూడలేదు. రమ్మని నేనూ నోటితో అడగలేదు. అడుగుతున్నాను.

చిట్టి

ఎర్ర సంచి లాడ్జి తలుపుకి అడ్డం పెట్టాను. గాలికి కొట్టుకోవడం మానేసింది.


ఇల్లు
జులై 8

చిట్టికి, ఆశీస్సులు.

కొన్నాను. పలచనిదీ కాదు, మందమైనదీ కాదు. షాపాయన చూపించని మూడోది, అడుగు అరలో ఉంది. నువ్వు అడిగిన ఆరింటిలో నాలుగున్నాయి. మీటలు లోతు. చప్పుడు తక్కువ. ప్రింటరు వైరు పడుతుంది. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుందన్నాడు, నేను షాపులో మూడు గంటలు కూర్చుని కొంత చూశాను. తెర చిన్నదే. ఎంత తేలిక అన్నది రాయను.

పదమూడున పొద్దుటి బస్సుకి వస్తున్నాను. త్రాసు ఇంట్లోనే పెట్టి వస్తున్నాను. వెనక గది తాళంచెవి రెండోది చేయించాను, తెస్తాను. ఎప్పుడు వాడాలో నీ ఇష్టం.

నీ పెట్టె సర్దను.

నిన్న అన్నీ సంచిలో వేసుకుని, గొడుగుతో సహా, భుజాన తగిలించుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. తర్వాత ఇంకోసారి వెళ్ళి వచ్చాను.

బరువుగానే ఉంది. మోయవచ్చు.

అక్క